కామాలతో సహా

“ఇంటెగ్రిటీ వాళ్ళు పిలిచారండీ,” అని రాధారాణి ఫోన్లో గొంతు తగ్గించి చెప్పిన మాట, అవతల ఆఫీసు కెఫెటేరియా రొదలో ఈదుకుంటూ దామోదర్ చెవికి చేరేసరికి ఇమిగ్రేషన్ అయి కూర్చుంది. పద్దెనిమిదేళ్ళు వీసాల మీద బతికిన చెవి అది. ఎవరేమన్నా దానికి ముందు ఆ మాటే వినపడుతుంది.

“నువ్వేం సంతకం పెట్టకు,” అన్నాడు. “ఏమడిగినా మా ఆయన్ని అడగాలని చెప్పు. లాయర్‌కి కాల్ చేస్తున్నా. పాత అప్రూవల్ నోటీసులన్నీ బేస్‌మెంట్‌లో బియ్యం బ్యాగుల వెనకాల నీలం ఫైల్లో ఉన్నాయి.”

“ఇమిగ్రేషన్ కాదండీ. ఇంటెగ్రిటీ. మా కాలేజీలో.”

“అంటే ఏంటి?”

“నిజాయితీ.”

“నీ నిజాయితీకేమైంది ఇప్పుడు?”

“లేదంటున్నారు.”

“ఓస్, అంతేనా,” అన్నాడు దామోదర్. ఆయన గుండెల నిండా పీల్చి వదిలిన గాలి ఫోన్లోంచి ఈమె చెవికి తగిలింది. “ప్రాణం పోయిందనుకో. సరే, మూడింటికి నాకు స్టేటస్ కాల్ ఉంది, నీదయ్యాక మెసేజ్ పెట్టు.”

ఓస్, అంతేనా. గ్రీన్‌కార్డు క్షేమంగా ఉంటే చాలు, నిజాయితీదేముంది, పోతే మళ్ళీ అప్లై చేసుకోవచ్చు అన్నట్టు. రాధారాణి ఫోన్ సంచిలో పడేసి గోడ గడియారం చూసింది. రెండూ పది. రెండింటికల్లా రమ్మన్నారు, తలుపు తీయలేదు. తలుపు మీద డీన్ అని రాసుంది, తలుపు బయట దీనంగా తను కూర్చుంది, మధ్యలో ఒక గాజు పలక. లోపల ముగ్గురు మాట్లాడుకుంటున్నారు, పెదవులు కదులుతున్నాయి గాని మాట వినపడదు. పెదవులు కదిలితే తప్పు అని కదా తన మీద రాశారు, మరి వాళ్ళవి కదలొచ్చా. ఆ ఉత్తరాన్ని ఉదయం నుంచి పదకొండు సార్లు చదివింది, ఇప్పుడది కూడా నోటికొచ్చేసింది, కావాలంటే అప్పజెబుతుంది: మీ సైకాలజీ పరీక్షలో పది మార్కుల వ్యాస ప్రశ్నకు మీరు రాసిన జవాబు, మన పాఠ్యపుస్తకంలోని రెండు పేజీలతో కామాలతో సహా సరిపోయినందున, పరీక్ష గది కెమెరాలో మీ పెదవులు ఆగకుండా కదులుతున్నందున, మీ బొటనవేలు మిగతా వేళ్ళ మీద ఏవో సంజ్ఞలు చేస్తున్నందున. అందున, అందున, అందున. మూడు ‘అందున’లకీ ఒక్కటే అర్థం, దొంగ. ఫ్రాయిడ్‌ని చదివినదాన్ని పట్టుకుని ఫ్రాడ్ అంటున్నారు. వల్లెవేసినందుకు వల వేశారు, కంఠస్థం చేస్తే కంఠం పట్టుకున్నారు. శుక్రవారంతో నర్సింగ్ అప్లికేషన్లు మూసేస్తారు. దానికి సైకాలజీలో బి రావాలి, క్లాసులో నోరు తెరవనందుకు పోయిన మార్కులు పోను బి రావాలంటే ఈ పదిలో ఆరైనా పడాలి, కాపీ కొట్టిందని ఒక్క మాట రికార్డుకెక్కితే ఆరూ లేదు, బీ లేదు, నర్సింగూ లేదు. నలభై ఆరేళ్ళకి సైకాలజీకి సై అని కాలు పెట్టింది, అక్కడే కాలు జారింది.

కాపీ. ఆ మాటే ఒళ్ళు మండిస్తోంది. చీరాలలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ముందు బెంచీవాళ్ళు, వెనక బెంచీవాళ్ళు జాకెట్లలో చీటీలు దాచుకుని వస్తే, తను మాత్రం జామెట్రీ బాక్సు కూడా తెరిచి చూపించి కూర్చునేది. చీటీ ఎందుకు, మనిషే చీటీ అయినప్పుడు. జువాలజీ చెప్పే దమయంతి మేడం బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని అనేవారు, అమ్మాయిలూ, పుస్తకం రాసినాయన మీకంటే తెలివైనవాడు, ఆయన మాట మార్చడానికి మీరెవరు అని. మాట మారితే అర మార్కు, వాక్యం మారితే ఒకటి. కప్ప గుండెకు మూడు గదులుండును అని పుస్తకంలో ఉంటే, కప్ప గుండెలో మూడు గదులుంటాయి అని రాసినందుకు ఎర్ర సిరాతో ‘పుస్తకంలో ఇట్లు లేదు’ అని రాసి పేపరు మొహాన కొట్టారు. ఆ రాత్రి నుంచి తను ఒక్క మాట మార్చలేదు, మార్చాలని మనసుకి తట్టలేదు. మేడం ఒకసారి క్లాసు మొత్తం ముందు, రాధారాణి జవాబు పుస్తకం పక్కన పెడితే ఏది అచ్చో ఏది చేతిరాతో తెలియదే అన్నారు, అది విని నాలుగు రోజులు నేల మీద నడవలేదు. అదే మాట ఇక్కడ ఛార్జిషీటు. అక్కడ హారం వేసినదానికి ఇక్కడ బేడీలు వేస్తున్నారు, అది మెడకి, ఇది చేతికి, అంతే తేడా.

పెదవులు కదలక మరేం చేస్తాయి. చదివింది బయటికి రావాలంటే మొదటి ముక్క నాలుక మీద పెట్టాలి, అది పెడితే రెండోది దాని కొంగు పట్టుకుని వస్తుంది. వేళ్ళ సంజ్ఞలట. నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు పాయింట్లు, బొటనవేలు ఒక్కొక్క కణుపు మీదా అడుగేస్తూ పోతుంది, ఏడో కణుపు దాటలేదంటే ఏడో పాయింటు మర్చిపోయామని అర్థం. అందరికీ ఈ చేతులే ఇచ్చాడు దేవుడు, కణుపులు లెక్కపెట్టుకోవడం మాత్రం మనకే నేర్పాడు కాబోలు. ఆ పరీక్ష గది ఆవిడ కంప్యూటర్లో తనని చూస్తూ ఎన్ని కథలు అల్లుకుందో, చెవిలో ఏదో యంత్రం ఉందనుకుందో, శాలువా కింద వైర్లున్నాయనుకుందో. శాలువా ఎందుకంటే చలి, అక్కడ వేసవిలోనూ ఏసీ, చలికాలంలోనూ ఏసీయే అనిపిస్తుంది. తెల్లారి ఐదింటికి లేచి బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ చదివిన చాప్టరది. పైన కుక్కర్ పెట్టి వచ్చేది, ఒక విజిల్‌కి ఒక పేరా, మూడు విజిల్స్‌కి పప్పూ ఉడికేది, పాఠమూ ఉడికేది. అసలా చాప్టరేమిటి, జ్ఞాపకశక్తి. జ్ఞాపకశక్తి చాప్టర్‌ని జ్ఞాపకం పెట్టుకోవడం నేరమట. ఈత మీద పరీక్ష పెట్టి, తడిశావేం అని అడిగినట్టుంది.

రెండున్నర. గాజు పలక వెనక ప్రొఫెసర్ హార్పర్ తల ఊపుతోంది. ఆమె పేరు తలుచుకుంటే హార్పిక్ గుర్తొస్తుంది, మనిషి కూడా అంతే, ఏ మరకనీ వదలదు. మొదటి రోజే అడిగింది, పుస్తకం మూసేయండి, మీకేమనిపిస్తోంది అని. ఈ క్లాసులో ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి అనిపిస్తూనే ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ముక్కుకి రింగు, పాఠం ఒక్క పేజీ చదవకుండా వచ్చి, నాకు మా అమ్మ మీద కోపమనిపిస్తోంది అంటే దానికి పార్టిసిపేషన్ మార్కులు. తనకేమీ అనిపించదు, అనిపించినా ఇంగ్లీషులో అనిపించదు, తెలుగులో అనిపించింది ఇంగ్లీషులోకి వచ్చేసరికి క్లాసయిపోతుంది. సైన్సు నయం, ఎనాటమీ ల్యాబులో ఎవరికేమనిపిస్తోందో ఎవరూ అడగరు. గొర్రె మెదడు చేతికిచ్చి కోయమన్నారు, కోసింది. గుడ్డు కూడా ముట్టని చేతులతో కోసి, ఏ ముక్క ఏమిటో లాటిన్ పేర్లతో సహా గడగడా చెప్పేసి, ఇంటికెళ్ళి మైనస్ పదిహేను చలిలో తలంటు పోసుకుని, తడి జుట్టుతోనే వంట చేసింది. గొర్రె బుర్ర కోయడం తేలికే, తన బుర్ర విప్పి చూపించమంటేనే కష్టం.

ఏమనిపిస్తోంది అని అంతకుముందు తననెవరూ అడగలేదనేది కూడా నిజమే. ఈ ఊరి పేరే నోవై, నో, వై, ఎందుకని అడగకూడదు. ఎందుకొచ్చావంటే ఆయన ఉద్యోగం కార్ల కంపెనీలో, ఎందుకూరకున్నావంటే హెచ్-ఫోర్, మొగుడి వెంట వచ్చిన పెళ్ళాం వీసా, హెచ్ అంటే హౌసు, ఫోర్ అంటే గోడలు. ఫారాల్లో డిపెండెంట్ అనే గడిలో తన పేరు. బ్యాంకులో అడిగితే ఆయన్ని అడగండి, ఇన్సూరెన్సు వాళ్ళు అడిగితే ఆయన్ని అడగండి, ఇందాక ఫోన్లోనూ అదే పాఠం, మా ఆయన్ని అడగాలని చెప్పు. పద్దెనిమిదేళ్ళు అదొక్కటే వాక్యం అప్పజెప్పింది, కామా కూడా లేని వాక్యం, ఎవరూ కాపీ అనలేదు. గ్రీన్‌కార్డు వచ్చిన వారంలోనే ఈ కాలేజీకి వచ్చి చేరింది. ఆసుపత్రిలో నర్సులు మెళ్ళో వేసుకునే బ్యాడ్జీ ఉంటుందే, ఫోటో, పక్కన పేరు, పేరు కింద ఏం పని చేస్తారో ఒక మాట, అది కావాలి. మంగళసూత్రం పక్కన వేలాడినా ఫర్వాలేదు, కింద వేలాడినా ఫర్వాలేదు. ఇంకో రెండేళ్ళు. శుక్రవారం తలుపు మూశారంటే మళ్ళీ ఏడాదికి, రికార్డులో ఆ మాట ఉంటే ఏ ఏడాదికీ కాదు.

ఫోన్ వణికింది. కూతురు స్మృతి, ఆన్ ఆర్బర్‌లో చదువుతోంది. పేరు స్మృతే గాని తాళాలు ఎక్కడ పెట్టిందో గుర్తుండదు, ఇంటికొచ్చిన ప్రతిసారీ ఛార్జర్ మర్చిపోయి పోతుంది.

“అమ్మా, డాడీ కాల్ చేసాడు. నువ్వు సేమ్ సెంటెన్స్ రాసావా? లైక్, సేమ్ సేమ్?”

“పుస్తకంలో ఉన్నట్టే రాశాను.”

“ఎందుకు?”

“కరెక్టుగా ఉంది కాబట్టి.”

“అమ్మా, పారాఫ్రేజ్ చెయ్యాలి. వాళ్ళకి నువ్వు థింక్ చేసావని తెలియాలి.”

“చదివానని తెలిస్తే చాలదా?”

“చాలదు,” అంది స్మృతి. “సారీ అమ్మా. నువ్వు చీట్ చెయ్యలేదని నాకు తెలుసు. నువ్వు మోనోపలీలో కూడా చీట్ చెయ్యవు, సో బోరింగ్.”

పారాఫ్రేజ్, సొంత మాటల్లో తిప్పి రాయడమట. పార పట్టుకుని పుస్తకాన్ని తవ్వి మట్టి అటుది ఇటు పోయడం. పుస్తకం రాసినాయన చక్కగా కట్టిన గోడని పడగొట్టి, అవే ఇటుకలతో వంకరగా మళ్ళీ కడితే అది సొంత ఇల్లట. ఎందుకు, ఉన్న గోడకేమొచ్చింది. కూతురితో వాదించాలనుంది, ఏడవాలనుంది, రెండూ ఒకేసారి ఫోన్లో కుదరవు, పెట్టేసింది. పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య చివరి వరసలో కూర్చుని, వాళ్ళకి సగం మార్కులు వస్తే తనకి నిండా వచ్చినందుకు ఇంతకాలం లోలోపల పొంగిపోయింది కదా, ఆ పొంగు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గు. నిండా వచ్చినవన్నీ పుస్తకం రాసినాయనకొచ్చినవేనా. తను మధ్యలో పోస్టుమానా. కాదు, తెల్లారి ఐదింటికి లేచింది ఆయన కాదు, తను. కుక్కర్ పెట్టింది తను. మూడింటికి ఐదు నిమిషాలుంది. లేచి వెళ్ళిపోతే. వెళ్ళిపోతే నేరం ఒప్పుకున్నట్టు. కూర్చుంటే నేరం మోస్తున్నట్టు.

“రాడా?” అంది తలుపు తీసిన పరీక్ష గది ఆవిడ. రాధ అనడానికి ఆమె పడ్డ తిప్పలవి. తెలుగులో రాడా అంటే వాడు రాడా అని అర్థం, ఎవరూ రారు తల్లీ, వచ్చింది నేనొక్కదాన్నే, అనుకుంటూ లేచింది రాధారాణి.

లోపల డీన్, పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. ఒక పక్క ప్రొఫెసర్ హార్పర్, ఇంకో పక్కకి వెళ్ళి కూర్చుంది పరీక్ష గది ఆవిడ. బల్ల మీద తన జవాబు, దాని పక్కన పుస్తకం, రెంటి నిండా పచ్చ గీతలు. దీన్ని మీరెలా వివరిస్తారు అన్నాడు డీన్, మర్యాదగానే. వివరించడానికి ఇంగ్లీషు వెతుక్కుంది, దొరకలేదు. చివరికి ఒక్కటే అనగలిగింది, పుస్తకం తీయండి, ఏ పేజీ అయినా. ఆయన సందేహంగా తెరిచి రెండువందల యాభై ఒకటి అన్నాడు. బొమ్మకి పైన పేరానా, కింద పేరానా అంది రాధారాణి. కింద అన్నాడు. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, బొటనవేలు మొదటి కణుపు మీద కూర్చుంది, పేరా బయల్దేరింది. కామా దగ్గర ఆగింది, సెమీకోలన్ దగ్గర ఇంకాస్త ఆగింది, బొమ్మ ఏడు పాయింట్ మూడు చూడుము అన్నచోట బొమ్మ చూపించినట్టు చెయ్యి తిప్పింది. డీన్ చాలు అన్నాడు. చాలదు, మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకోవాలి. పేజీ చివరి దాకా పోయి, ఫుల్‌స్టాప్ పెట్టి, కళ్ళు తెరిచింది. పరీక్ష గది ఆవిడ తన చేతివేళ్ళు తనే చూసుకుంటోంది, కణుపులు ఎన్నున్నాయా అని.

ఆ తర్వాత మాట దానంతటదే వచ్చింది, వంకరటింకర ఇంగ్లీషులోనే. మా చోట ఇదే చదువు అని చెప్పింది. దమయంతి మేడం సంగతి చెప్పింది, అర మార్కు సంగతి, కప్ప గుండె సంగతి. పుస్తకంలో మాట మార్చడం మాకు పొగరు, మార్చకపోవడం మర్యాద, మీకేమో మార్చకపోతే దొంగతనం అని చెప్పింది. వేళ్ళు చాపి పన్నెండు పాయింట్లూ ఆవిడకి లెక్కపెట్టి చూపించింది. ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాపీ కాదు అన్నాడు డీన్, ఉత్తరాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టాడు. రాధారాణి శాలువా సర్దుకుని లేవబోయింది.

కూర్చో అంది హార్పర్. కాపీ కాదని నేనూ ఒప్పుకుంటాను, కాని పరీక్షలో నేను ప్రశ్న అడిగింది నిన్ను, పుస్తకం వచ్చి జవాబు చెప్పింది, దానికి మార్కులు నీకెలా వెయ్యను. ఒక తెల్ల కాగితం, పెన్ను ముందుకి తోసింది. అదే ప్రశ్న. పావుగంట. ఈసారి నువ్వు చెప్పు.

అదే ప్రశ్న అంటే, పాతగా నేర్చుకున్నది కొత్తగా నేర్చుకునేదానికి ఎలా అడ్డుపడుతుంది, వివరించుము. పెన్ను పట్టుకోగానే రెండువందల నలభై ఎనిమిదో పేజీ నిర్వచనం కామాలు దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చింది, నన్ను రాయి అంటూ. వద్దు, నువ్వు రావద్దు, నీవల్లే ఇదంతా. దాన్ని తోసేస్తే వెనకాల రెండో వాక్యం, దాన్ని తోస్తే మూడోది, మొత్తం చాప్టర్ గుమ్మం దగ్గర నిలబడి తలుపు బాదుతోంది, వాళ్ళందర్నీ బయటికి నెట్టి గడియ వేసేసరికి ఐదు నిమిషాలు పోయాయి, గది ఖాళీ. ఖాళీ గదిలో ఏముంటుంది. చీకటి. చీకట్లో చెయ్యి గోడ తడుముకుంటూ స్విచ్చి వెతికింది, కిందకి నొక్కింది, వెలగలేదు. ఆ, అదే. రాసింది. మా ఇంట్లో లైటు వెయ్యాలంటే స్విచ్చి కిందకి నొక్కాలి. ఇక్కడ పైకి. నేనొచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఇవాళ కూడా చీకట్లో లేస్తే నా చెయ్యి ముందు కిందకే పోతుంది. నాకు తెలుసు, నా చేతికి తెలియదు. నా చెయ్యి చిన్నప్పుడే గట్టిగా నేర్చేసుకుంది, ఆ నేర్చుకున్నది ఈ కొత్త గోడకి పనికిరాదు, అయినా అదే ముందొస్తుంది. కొత్తది నేర్చుకోలేక కాదు, పాతది బాగా నేర్చుకున్నందుకు నేను చీకట్లో నిలబడతాను. రాస్తుంటే కొట్టివేతలు పడ్డాయి. అన్నేళ్ళ పరీక్షల్లో ఒక్క కొట్టివేత లేని చెయ్యి.

హార్పర్ రెండుసార్లు చదివింది, డీన్‌కి ఇచ్చింది, ఆయన చదివి గోడ మీద స్విచ్చి వంక చూశాడు. హార్పర్ పెన్ను తీసి కింద ఒక అంకె వేసి కాగితం తిప్పి పెట్టింది. పదికి ఏడు. ఆరు దాటింది, బి వచ్చింది, శుక్రవారం అప్లికేషన్ పోతుంది. ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైంది. రెండో క్షణంలో అంకె మళ్ళీ చూసింది. థియరీలో పదికి ఏడు తనకి జన్మలో రాలేదు. ఏడా, ఏడంటే ఏడవమని కదా మన తెలుగులో అర్థం.

“మూడు మార్కులు ఎక్కడ పోయాయి ప్రొఫెసర్?” అంది.

“చాలా బాగా రాశావు,” అంది హార్పర్. “కాని నిర్వచనం రాయలేదు. నిర్వచనానికి మూడు మార్కులు.”

రాధారాణి ఆమెను చూసింది, పుస్తకాన్ని చూసింది. నాలుక చివర నిర్వచనం నిలబడే ఉంది, సెమీకోలన్ తోక ఊపుతూ. నోరు తెరిస్తే అదొస్తుందని భయపడి గట్టిగా మూసుకుంది, దాంతో లోపలున్న తెలుగు బయటికొచ్చేసింది, “కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.”

ఏమన్నావు అన్నాడు డీన్. ఏం లేదండీ, మా సామెత అంది. అర్థం చెప్పమన్నారు, ముగ్గురూ ముందుకి వంగారు. ఒక చెయ్యి పాము చేసింది, ఇంకో చెయ్యి కప్ప చేసింది, పాము నోట్లో కప్పని పెట్టి, ఇది వదలమంటుంది, అది వదలనంటుంది, మధ్యలో చెప్పేవాడెవడో వాడు నేను అని, పుస్తకంలో ఉన్నట్టు రాస్తే మీరు పట్టుకున్నారు, లేనట్టు రాస్తే మూడు కోశారు అని, నిలబడి, తొణక్కుండా, చేతులు తిప్పుతూ చెప్పింది. పరీక్ష గది ఆవిడ ముందు నవ్వింది, తర్వాత డీన్, ఆఖర్న హార్పర్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఎవరికీ ఇంకేమీ వివరించాల్సిన పని లేకుండా అందరికీ అర్థమైంది. మార్కులు మాత్రం ఏడే.